‘పట్టించుకోకు’ – ఒక చెడ్డ సలహా

మొదటి పుస్తకం వేసినవాళ్లకు ఘాటైన సమీక్ష ఒకటి తగలగానే చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకే మాట అంటారు: పట్టించుకోకు. దాని వెనకే మరికొన్ని వరసగా వస్తాయి. విమర్శించేవాడికి రాయడం చేతకాదు, అందుకే ఈ ఏడుపు. మహామహుల్నే తిట్టారు, మనమెంత. అలాంటివి చదివితే మనసు విరిగిపోతుంది, అసలు చదవకు. ఏది నిలుస్తుందో కాలమే తేలుస్తుంది, నీ పని నువ్వు చేసుకుపో. ఆవిష్కరణ సభల వేదికల మీద, ఫేస్‌బుక్ పోస్టుల కింద, పుస్తక ప్రదర్శనలో స్టాళ్ల మధ్య టీ తాగే చోట ఈ మాటలే వినిపిస్తాయి. వీటిని ఎవరూ ఎదురు ప్రశ్నించరు. ఓదార్చేవాణ్ణి ప్రశ్నిస్తే కఠినాత్ముడని పేరు పడుతుందని జంకు.

ముందు ఆ పక్షంలో ఉన్న బలమేమిటో ఒప్పుకుందాం. తెలుగులో కొత్త రచయిత బతుకు ఏమంత సుఖమైనది కాదు. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగు, చాలామంది విషయంలో అన్నీ సొంత ఖర్చే. వేయించిన కాపీల్లో సగం పంచిపెట్టడానికి పోతాయి, మిగతా సగం మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి. సమీక్ష కోసమని పత్రికకు రెండు కాపీలు పంపి ఆదివారం ఆదివారం అనుబంధం తిరగేస్తూ కూర్చుంటే, ఎన్ని నెలలకో వచ్చిన ఆ ఒక్క సమీక్ష చెంపదెబ్బలా ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది. పైగా సమీక్షకులందరూ ధర్మరాజులేం కాదు. వర్గాలున్నాయి, ప్రాంతాలున్నాయి, కులముంది, సిద్ధాంతాల గొడవలున్నాయి, పాత కక్షలున్నాయి. ముందుమాటా వెనకట్టా చూసి సమీక్ష రాసేవాళ్లున్నారు. పుస్తకం కొనకుండానే ఆన్‌లైన్‌లో ఒక్క నక్షత్రం పడేసి పోయేవాళ్లున్నారు. ఇదంతా నిజమే.

అయితే దీన్నిబట్టి తేలేది కొన్ని సమీక్షలు చెడ్డవని మాత్రమే. ఘాటైన సమీక్షలన్నీ పట్టించుకోనక్కర్లేనివని తేలదు. బజార్లో దొంగనోట్లు తిరుగుతున్నాయని ఎవరూ జీతం తీసుకోవడం మానలేదు, నోటు వెలుతురుకు పెట్టి చూడటం నేర్చుకున్నారు. కొత్త రచయితకు ఆ చూడటం నేర్పాల్సిన పెద్దలే కళ్లు మూసుకోమంటున్నారు. నా పేచీ అక్కడే.

1. ‘చేతకానివాడే విమర్శిస్తాడు’

ఈ మాటలో అబద్ధమూ ఉంది, తర్కదోషమూ ఉంది.

అబద్ధం సంగతి ముందు. తెలుగులో ఆధునిక విమర్శకు దారి వేసిందని చెప్పుకునే ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వచ్చింది. ప్రబంధకవుల వర్ణనల మోజును అందులో నిర్దాక్షిణ్యంగా ఎండగట్టిన కట్టమంచి రామలింగారెడ్డి, విద్యార్థిగా ఉండగానే ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాసిన కవి. కడప నుంచి ‘సంవేదన’ నడిపిన రారా, అంటే రాచమల్లు రామచంద్రారెడ్డి, కటువుగా రాస్తారని పేరుపడ్డవారు. కుర్ర ఉత్సాహంతో దూసుకొచ్చిన దిగంబర కవుల్ని కూడా వదిలిపెట్టలేదు. ఆయనే ‘అలసిన గుండెలు’ కథలు రాశారు. కొడవటిగంటి కుటుంబరావు కథలకూ నవలలకూ లెక్కే లేదు, సాహిత్యం మీద పదునైన వ్యాసాలు రాసిందీ ఆ చెయ్యే. వీళ్లంతా రాయడం చేతకాక విమర్శలో పడ్డారా?

ఇక తర్కం. సభలో మన పుస్తకాన్ని ఆకాశానికెత్తిన బ్యాంకు మేనేజరు గారు ఎన్ని కథలు రాశారని మనం అడగలేదు. మేనత్త కొడుకు ఫోన్ చేసి ‘అదరగొట్టావు బావా’ అన్నప్పుడు, నీకేం తెలుసురా సాహిత్యమని గద్దించలేదు. పొగడటానికి అక్కర్లేని అర్హత తప్పు చెప్పడానికి మాత్రం ఎందుకు కావాల్సి వచ్చింది?

పోనీ, సమీక్షకుడు అసూయతోనే రాశాడనుకుందాం. ఆరో అధ్యాయంలో చనిపోయిన తాత పదో అధ్యాయంలో అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడని అతను పట్టుకున్నాడు. ఆ తాతను లేపి కూర్చోబెట్టింది అతని అసూయ కాదు గదా! చెప్పినవాడి బుద్ధి వంకరదైతే చెప్పిన విషయం అబద్ధమైపోదు. ఉద్దేశాల విచారణ మొదలుపెట్టామంటే పేజీ తెరిచి చూసుకోవలసిన పని తప్పుతుంది. ఈ వాదం ఇంత ప్రియంగా ఉండటానికి కారణం అదే.

2. ‘మహామహుల్నే తిట్టారు’

తిట్టారు. గొప్ప రచయితలు కొందరు తిట్లు తిన్నారు కాబట్టి తిట్లు తిన్నవాళ్లంతా గొప్ప రచయితలని అర్థమా? ఇంగ్లీషు కవి కీట్స్‌ను తిట్టిన పత్రికలే అదే దశాబ్దంలో ఇంకా ఎందరో కవుల్ని తిట్టాయి. వాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు, తెలియకపోవడానికి కారణం ఆ తిట్లలో చాలా భాగం సరైనవే కావడం. నిలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి నిలవనివాళ్లను మరిచిపోతే ఏ సూత్రమైనా రుజువైనట్టే కనిపిస్తుంది.

అసలు కీట్స్ కథే మనవాళ్లు చెప్పుకునేంత సాఫీగా లేదు. 1818లో అతని ‘ఎండీమియన్’ కావ్యం వచ్చినప్పుడు రెండు పత్రికలు దాని మీద విరుచుకుపడ్డాయి. ‘బ్లాక్‌వుడ్స్’ అతని పుట్టుకనీ చదువునీ ఎద్దేవా చేసి, వెళ్లి మందుల కొట్టు చూసుకొమ్మంది. అది సమీక్ష కిందికి రాదు, వర్గాహంకారం. ‘క్వార్టర్లీ రివ్యూ’లో క్రోకర్ అయితే నాలుగు భాగాల కావ్యంలో మొదటి భాగం మించి చదవలేకపోయానని తనే ఒప్పుకున్నాడు. అంతమాత్రాన అతను చెప్పిందంతా కొట్టిపారేయదగ్గది కాదు. భావం వెంట ప్రాస నడవాల్సింది పోయి ప్రాస వెంట భావం పరుగెడుతోందని అన్నాడు, ఆ కావ్యం చదివినవాళ్లు ఆ మాట కాదనడం కష్టం.

కీట్స్ ఏం చేశాడు? ఆ అక్టోబరులో తన ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తూ, ఆ రెండు పత్రికల దెబ్బకన్నా తన పనిని తాను పరీక్షించుకున్నప్పుడు కలిగిన నొప్పే ఎక్కువన్నాడు. కావ్యం పీఠికలోనే దాని పచ్చిదనాన్ని ఒప్పుకున్నవాడు అతను. మరుసటి ఏడాది, 1819లో, ఇవాళ అతని పేరు నిలబెడుతున్న ‘ఓడ్’ కవితల్లో చాలా భాగం రాశాడు. 1821లో రోములో చనిపోయింది క్షయతో. తల్లినీ తమ్ముణ్ణీ తీసుకుపోయింది కూడా ఆ జబ్బే. సమీక్షలు చంపేశాయన్న కథను షెల్లీ తన ఎలిజీతో పెంచాడు, బైరన్ దానిమీద చమత్కారం విసిరాడు. రెండు వందల ఏళ్లుగా కొత్త రచయితల్ని ఓదార్చడానికి ఆ కథనే వాడుకుంటున్నాం.

మన దగ్గరైతే వెంటనే చలం పేరు తెస్తారు. చలం మీద లేచిన దుమారంలో ముఖ్యభాగం నీతి గురించి. ఆయన వచనాన్ని మాత్రం గిట్టనివాళ్లు సైతం మెచ్చుకున్నారు. ‘నీ కథలో సంభాషణలన్నీ ఒకే మనిషి మాట్లాడినట్టున్నాయి’ అని చెప్పించుకున్నవారు చలం పక్కకు వెళ్లి నిలబడటం ఏం న్యాయం?

3. ‘చదివితే కలం ఆగిపోతుంది’

వీళ్ల వాదాల్లో నేను కాస్త గౌరవంగా చూసేది ఇదొక్కటే. మనసు గాయపడటం నిజం, కొందరు మానేయడమూ నిజం. దీనికి జవాబుగా, ఈ సలహా అక్షరాలా అందుకున్న ఒక కొత్త రచయిత సంగతి చెప్తాను.

ఇంగ్లీషు నవలాకారుడు థామస్ హార్డీ నవలల్లో మొదట అచ్చయింది ‘డెస్పరేట్ రెమెడీస్’, 1871లో మూడు సంపుటాలుగా వచ్చింది. పేరు వేసుకోలేదు. అప్పటికతనికి ముప్ఫై ఏళ్లు, భవనాల నమూనాలు గీసే ఉద్యోగం. ప్రచురణకర్తకు 75 పౌండ్లు చేతినుంచి కట్టి వేయించుకున్నాడు, కాబట్టి మన సొంత ఖర్చు రచయితలకు దగ్గరి చుట్టమే. ఒకటి రెండు పత్రికలు పర్వాలేదన్నాయి. ఏప్రిల్‌లో ‘స్పెక్టేటర్’ సమీక్ష వచ్చింది. రచయిత పేరు దాచుకోవడమే మంచిదయిందనే ధోరణిలో చీల్చి చెండాడింది. డార్సెట్‌లో సొంత ఊరికి నడిచి వెళ్తూ, పొలాల మధ్య కంచె దాటే మెట్టు మీద కూర్చుని హార్డీ దాన్ని చదివాడు. ఆ క్షణాన చచ్చిపోతే బాగుండునని అనిపించిందట. కొన్ని వారాలకు ఎక్సెటర్ స్టేషన్‌లో మిగులు పుస్తకాల జాబితా చూస్తే అందులో తన నవల ఉంది, మూడు సంపుటాలూ కలిపి రెండున్నర షిల్లింగులకు.

స్నేహితుడు హోరెస్ మౌల్ ఉత్తరం ముక్క రాశాడు. ఏమని? ఆ తిట్లు పట్టించుకోకు అని.

హార్డీ పట్టించుకోకుండా ఉండగలిగాడా? లేదు. ముసలితనంలో తన జీవితకథ సిద్ధం చేసుకుంటున్నప్పుడు కూడా ఆ మెట్టు, ఆ సమీక్ష, ఆ బాధ అన్నీ గుర్తున్నాయి. అర్ధశతాబ్దం! ‘పట్టించుకోకు’ అన్న మాట పనిచెయ్యదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? మరిచిపోలేని మనిషికి మరిచిపొమ్మని చెప్పడం వల్ల ఒరిగేదల్లా, బాధకు తోడు బాధపడుతున్నందుకు సిగ్గు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన ముక్క ఇంకొకటుంది. నవలని అంతగా దుమ్మెత్తిపోసిన ఆ సమీక్షే ఒక చోట ఆగి, పల్లెజనాన్నీ వాళ్ల మాటతీరునీ పట్టుకోవడంలో ఈ రచయితకు అరుదైన నేర్పుందని ఒప్పుకుంది. హార్డీ తర్వాతి నవల, 1872లో వచ్చిన ‘అండర్ ద గ్రీన్‌వుడ్ ట్రీ’, పూర్తిగా పల్లె కథ. రెండేళ్లకు ‘ఫార్ ఫ్రమ్ ద మాడింగ్ క్రౌడ్’. ఆ సమీక్ష వల్లే అటు తిరిగాడని నేననను, అతని పల్లె ఘట్టాలు బాగుంటాయని అంతకుముందే చెప్పినవాళ్లున్నారు. కానీ ఏ మొహమాటమూ లేని, తనంటే పడని పాఠకుడు కూడా అదే చోట వేలు పెట్టాడంటే, ఆ సాక్ష్యానికి స్నేహితుల మెచ్చుకోలుకు లేని బరువుంటుంది. చదవకుండా చింపి పారేస్తే ఆ సాక్ష్యమూ పోయేది.

‘జూడ్’ నవలకు తగిలిన తిట్ల తర్వాత హార్డీ నవలలే మానేశాడు కదా అని ఎదురు వాదించేవాళ్లుంటారు. మానేశాడు. 1895 నాటికి అతను పాతికేళ్ల అనుభవమున్న పేరున్న నవలాకారుడు, కొత్తవాడు కాదు. ఆ పుస్తకాన్ని నిప్పుల్లో పడేశానని ప్రకటించుకున్న బిషప్పు చేసింది సమీక్షా కాదు. ఆ తర్వాత హార్డీ కలం ఆగలేదు కూడా, 1928లో పోయేదాకా కవిత్వం రాస్తూనే ఉన్నాడు.

4. ‘కొత్తవాళ్లను ప్రోత్సహించాలి’

ప్రోత్సాహం పేరుతో మన దగ్గర జరుగుతున్నదేమిటో ఒకసారి చూడండి. ఆవిష్కరణ సభ. వేదిక మీద ఏడెనిమిది కుర్చీలు. బంగారు రంగు రిబ్బను విప్పి, పుస్తకాలు గుండెలకు ఆనించి ఫొటో దిగుతారు. తర్వాత మైకు దగ్గరికి వచ్చిన మొదటి వక్త గొంతు సవరించుకుని, ‘సమయాభావం వల్ల పుస్తకం పూర్తిగా చదవలేకపోయాను గానీ’ అని మొదలుపెడతారు. ఆ ‘గానీ’ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడతారు. రెండో వక్త మొదటి కథ ఒక్కటే చదివి వచ్చారు, దాని గురించే చెప్తారు. మూడో వక్తా ఆ కథ గురించే. శాలువాలు, జ్ఞాపికలు, గ్రూప్ ఫొటో. మర్నాడు వాట్సాప్‌లో యాభై అభినందనలు, ఒక్కదానిలోనూ పుస్తకంలోని వాక్యం గానీ పాత్ర పేరు గానీ ఉండదు. పుస్తకానికి ముందు మూడు ముందుమాటలు ఎలాగూ ఉంటాయి, అందులో ఒకటి ఏ పుస్తకానికైనా అతుకుతుంది.

ఇంతమందిలో ఆ పుస్తకాన్ని చివరి పేజీదాకా చదివినవారెవరు? చాలాసార్లు ఆ ఘాటైన సమీక్ష రాసిన మనిషి ఒక్కడే. నూటనలభయ్యో పేజీలో కథ చేయి జారిందని రాశాడంటే నూటనలభయ్యో పేజీదాకా వచ్చాడన్నమాట. శాలువా కప్పినవారు అంతదూరం రాలేదు. కొత్త రచయితకు దొరికిన ఏకైక పాఠకుణ్ణి శత్రువుగా చూపించి, చదవనివాళ్లను ఆప్తులుగా చూపించే ఏర్పాటును ప్రోత్సాహమని ఎలా అంటాం?

దీని ఫలితం ఒక రచయితతో ఆగిపోదు. ‘కథాసాహిత్యంలో మైలురాయి’ అని పేపర్లో చదివి ఒకాయన రెండొందలు పెట్టి పుస్తకం కొంటాడు. ముప్ఫై పేజీలకు పక్కన పెడతాడు. ఆయనకు కోపం ఆ రచయిత ఒక్కడి మీదే రాదు, ఇంకెప్పుడూ కొత్త పేరు మీద డబ్బు పెట్టకూడదనుకుంటాడు. వచ్చే ఏడాది నిజంగా మంచి పుస్తకం వేసిన ఇంకో కొత్తమ్మాయి నష్టపోతుంది. అబద్ధపు మెప్పు ఖరీదు ఎప్పుడూ తర్వాతి వాళ్లే కడతారు.

మన సంప్రదాయంలో ఇంత సున్నితత్వం లేదు కూడా. పాత కావ్యాల అవతారికల్లో కుకవి నింద ఒక మర్యాదగా సాగింది. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ వచ్చి భావకవిత్వం ఊపులో ఉన్న రోజుల్లో అక్కిరాజు ఉమాకాంతం దాని మీద ఏకంగా ‘నేటికాలపు కవిత్వం’ అని పుస్తకమే రాశారు, 1928లో. దాక్షిణ్యం మచ్చుకైనా లేదు. భావకవులు రాయడం ఆపలేదు. వాళ్ల కవిత్వమూ మిగిలింది, ఆ పుస్తకమూ మిగిలింది.

5. ‘కాలమే తేలుస్తుంది’

కాలానికి చదవడం రాదు. తేల్చేది చదివేవాళ్లు, చదివి ఇది బాగుంది, ఇది బాగాలేదు అని నోరు విప్పి చెప్పేవాళ్లు. వాళ్లను నోరు మూసుకోమని, తీర్పు మాత్రం కాలం ఇవ్వాలనడం వింతగా లేదూ?

గురజాడ తన నాటకాన్ని కాలానికి వదిలేసి కూర్చోలేదు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడితే జనం మెచ్చుకున్నారు, 1897లో అచ్చయింది. అక్కడితో ఆగితే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 1909లో రెండో కూర్పు తెచ్చేసరికి దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఇవాళ మనం చదివేది, గిరీశాన్నీ మధురవాణినీ తలుచుకునేది ఆ రెండో కూర్పుతోనే. మెప్పు వచ్చిన రచననే అంత మనిషి మళ్లీ కొలిమిలో పెడితే, తప్పులు పేజీ నంబర్లతో సహా చెప్పించుకున్న మొదటి పుస్తకాన్ని ‘కాలం చూసుకుంటుందిలే’ అనడం ఏ ధీమాతో?

6. మరేం చెయ్యాలి

సమీక్ష వచ్చిన రోజు బాధపడాలి. దాచుకోనక్కర్లేదు, దులిపేసుకున్నట్టు నటించనక్కర్లేదు. ఆ రోజు మాత్రం ఎక్కడా ఏమీ రాయకూడదు. వారమో రెండు వారాలో పోయాక ఒక పెన్సిలు, తన పుస్తకం, ఆ సమీక్ష పక్కపక్కన పెట్టుకుని కూర్చోవాలి. సమీక్షలో ప్రతి వాక్యానికీ ఒకటే పరీక్ష: దీన్ని నా పుస్తకంలో పేజీ తెరిచి చూసుకోగలనా?

ఉదాహరణకు ఒక కథాసంపుటి మీద ఇలా వచ్చిందనుకుందాం: ‘పన్నెండు కథల్లో ఐదు ఆడమనిషి చావుతో ముగుస్తాయి. రచయితకు పల్లె తెలియదు. మాండలికం ఒక పేజీలో ఉంటుంది, మరో పేజీలో మాయమవుతుంది. ఇలాంటివాళ్లంతా కథలు రాయడం మన ఖర్మ.’ మొదటి వాక్యం లెక్కపెట్టి చూసుకోవచ్చు. ఐదు ఉంటే ఉన్నట్టే. మూడోది కూడా అంతే, ఏ పేజీలో ‘వచ్చిండు’, ఏ పేజీలో ‘వచ్చాడు’ అన్నది గంటలో తేలిపోతుంది. రెండోది అభిప్రాయం. దాన్ని కొట్టేయకుండా, ఏ ఘట్టం చూసి అలా అనిపించి ఉంటుందో ఒకసారి వెతకాలి. దొరికితే లాభం, దొరక్కపోతే వదిలెయ్యాలి. నాలుగోది ఒట్టి తిట్టు. దాని మీద గీత గీసెయ్యడమే. నాలుగు వాక్యాల్లో రెండు పనికొచ్చాయి, శాలువాతో పాటు వచ్చిన ఇరవై నిమిషాల ఉపన్యాసంలో ఒక్కటీ పనికిరాలేదు.

రెండు వేరువేరు సమీక్షల్లో ఒకే లోపం కనబడితే ఇక వాదన అనవసరం. జవాబు రాయాలని చెయ్యి దురదపెడితే, పుస్తకంలో లేనిది ఉన్నట్టు రాసినప్పుడు మాత్రమే రాయాలి, అదీ రెండు ముక్కల్లో. స్నేహితుల్ని ఎగదోసి సమీక్షకుడి మీదికి పంపడం అన్నిటికన్నా నీచమైన పని. మన దగ్గర అది మామూలైపోయింది కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

కులం, ఒళ్లు, ఆడతనం, సంసారం మీదికి పోయేవాటి విషయం పూర్తిగా వేరు. ముఖ్యంగా రచయిత్రుల మీద సమీక్ష ముసుగులో వచ్చే వెకిలి రాతల్ని ‘పట్టించుకోకు’ అనేవాళ్లు మరీ పెద్ద తప్పు చేస్తున్నారు. వాటిని పట్టించుకోవలసింది ఆ రచయిత్రి ఒక్కతే కాదు, అది అచ్చేసిన సంపాదకుడు, చదివి నవ్వుకున్న తోటి రచయితలు. అది సాహిత్య విమర్శ కాదని బయటికి చెప్పాలి, పేరు పెట్టి చెప్పాలి. విచిత్రమేమిటంటే, నిజాయితీ గల కటువైన సమీక్షకుడి మీద విరుచుకుపడే ప్రోత్సాహకులు ఇక్కడికొచ్చేసరికి నోరు మెదపరు.

ఓదార్పు కళలో ఆరితేరిన పెద్దలకు చివరగా ఒక విజ్ఞప్తి. కొత్తవాళ్ల మీద అంత ప్రేమే ఉంటే, రాతప్రతి మీ చేతికి వచ్చినప్పుడే పెన్సిలు పట్టండి. బాగాలేని కథను సంపుటిలోంచి తీసేయమని అచ్చుకు ముందే చెప్పండి. ముందుమాట రాయమంటే పుస్తకం చదివి రాయండి, చదవడానికి తీరిక లేకపోతే రాయనని చెప్పండి.